చిన్న ఊరి బడిలో వేసవి: క్యాంపు కన్నా ఒంటిపూట బడి మేలు

దుగ్గిరాల దగ్గర ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో కొత్తగా చేరిన టీచరుగారు అడిగిన ప్రశ్న ఇది. ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు, పాతిక మంది పిల్లలు. విజయవాడలో, గుంటూరులో పెట్టినట్టు తమ పిల్లలకూ సమ్మర్ క్యాంపు పెట్టమని తల్లిదండ్రుల కమిటీ అడుగుతోంది. చేతిలో డబ్బు లేదు, ఎండ చూస్తే భయం. ఊరిని ఎలా కలుపుకోవాలి? ఇలాంటివి చేస్తే కాన్వెంటుకు వెళ్లిపోయిన పిల్లలు వెనక్కి వస్తారా?

అమ్మా, నా ఉద్యోగంలో ఎక్కువ భాగం ఈ జిల్లాలోనే, ఇలాంటి ఇద్దరు టీచర్ల బళ్లలోనే గడిచింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు క్యాంపు ఆలోచన పక్కన పెట్టండి. అది పట్నం అవసరం. అపార్టుమెంటులో పిల్లవాడికి ఆడుకునే జాగా ఉండదు, జట్టు ఉండదు, అమ్మానాన్నలు ఉద్యోగాలకు పోతారు. మీ ఊరి పిల్లలకు జాగా ఉంది, జట్టు ఉంది, చింతచెట్టు ఉంది. వాళ్లకు దొరకనివి వేరే. ఇంట్లో కథల పుస్తకం ఉండదు. వాళ్లు చెప్పేది కూర్చుని వినే తీరిక పెద్దవాళ్లకు ఉండదు. ఏడు వారాల సెలవుల్లో కూడబలుక్కుని చదవడం కూడా మరిచిపోయి వస్తారు. తెనాలి నుంచి కరాటే మాస్టరును పిలిపిస్తే ఈ మూడింటిలో ఏదీ తీరదు. ఫోటోలు మాత్రం బాగా వస్తాయి.

ఏటా కొద్ది తేడాలతో మన క్యాలెండరు ఒకటే. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి, ఏప్రిల్ 23 ప్రాంతంలో చివరి పనిదినం, మళ్లీ జూన్ 12న తలుపులు తీస్తాం. మీ వేసవి పనిలో ముప్పాతిక వంతు ఆ ఒంటిపూట బడి రోజుల్లోనే అయిపోవాలి. పిల్లలు ఎలాగూ బడిలో ఉంటారు, మధ్యాహ్న భోజనం ఉంటుంది, మీరు డ్యూటీలో ఉంటారు, ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. సెలవుల్లో చేసేది ఏప్రిల్ చివర మొదలుపెట్టి ఓ పది ఉదయాలు చాలు. మే నడిమికి వెళ్లకండి, రోహిణి కార్తె సంగతి చెప్పనే వద్దు.

ఒంటిపూట బడి ఏడుముప్పావుకు మొదలై పన్నెండున్నరకు ముగుస్తుంది. పల్లెలో పిల్లలు ఏడుకే వచ్చి గేటు దగ్గర ఉంటారు, ఎందుకంటే తల్లులు అప్పటికే పొలానికి వెళ్లిపోయి ఉంటారు. ఆ ముప్పావు గంట మీకు బంగారం. ఆటలన్నీ అప్పుడే. కబడ్డీ, ఖోఖో, ఏడుపెంకులాట, నీడలో తొక్కుడుబిళ్ల. గట్టి పాఠాలు, అంటే లెక్కలూ చదవడమూ, మొదటి రెండు గంటల్లో పూర్తిచేయండి. పదకొండు దాటాక పిల్లలు వాడిపోతారు. అప్పుడు భాగహారం చెప్పడం మీకూ వాళ్లకూ శిక్ష. ఆ చివరి గంటను చేతిపనికీ కథకూ కూర్చుని ఆడే ఆటలకూ వదిలేయండి.

కూర్చుని ఆడే ఆటలను తేలిగ్గా తీసుకోకండి. వామనగుంటల పలకలో వరుసకు ఏడు చొప్పున పద్నాలుగు గుంటలు. గుంటకు ఐదు చింతపిక్కలు వేస్తే మొత్తం డెబ్బై. రెండో తరగతి పిల్ల ఎక్కడ మొదలుపెడితే చివరి పిక్క ఖాళీ గుంట ముందు పడుతుందో మనసులో లెక్క వేసుకుంటుంది. అది మీరు నల్లబల్ల మీద చెప్పే కూడిక కన్నా కష్టమైన పని. పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు. నాలుగో తరగతి పిల్లవాడు మేకల పక్షాన గెలిచాడంటే నాలుగు ఎత్తులు ముందు చూశాడన్నమాట. ఈ ఆటలు మీకు రాకపోతే మరీ మంచిది. ఊళ్లో వచ్చిన ముసలమ్మలు ఉంటారు, వాళ్లను పిలవండి.

ఊరిని కలుపుకోవడం ఎలా అని అడిగారు కదా, మొదలు ఇక్కడే. మనవాళ్లు ఊరిని పిలిచేది రెండు పనులకే: చందా కోసం, వార్షికోత్సవంలో కుర్చీల్లో కూర్చోబెట్టడం కోసం. మూడో పనికి పిలవండి, నేర్పడానికి. తాటాకుతో గిలకలూ బుట్టలూ అల్లేవాళ్లు ఉంటారు. గోడ కట్టే మేస్త్రి తూకపు గుండు ఎలా పనిచేస్తుందో పావుగంటలో చూపిస్తాడు. మీ దుగ్గిరాల వైపు పసుపు ఉడకబెట్టి, ఆరబెట్టి, మెరుగు పెట్టి మార్కెట్ యార్డుకు తోలేదాకా జరిగే పనంతా తెలిసిన రైతు ఎవరో ఒకరు పిల్లల ఎదుట చెప్పగలరు. పిల్లలు ఆ తూకాలనూ ధరలనూ లెక్కలుగా రాసుకుంటారు. వచ్చినవాళ్లను బల్ల ముందు నిలబెట్టి ఉపన్యాసం ఇవ్వమనకండి, సిగ్గుపడి మళ్లీ రారు. నేల మీద చాప వేసి, చేతికి పని ఇచ్చి, చుట్టూ ఆరుగురు పిల్లల్ని కూర్చోబెట్టండి. వాళ్లను పిల్లల ముందు 'మేస్త్రిగారు' అనో 'మామ్మగారు' అనో గౌరవంగా పిలవండి. ఆ ఒక్క పిలుపుకే కొందరు మళ్లీ మర్నాడు వస్తారు.

నేను పనిచేసిన ప్రతి బడిలోనూ పిల్లల చేత ఊరి పుస్తకం రాయించేదాన్ని. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇంతకన్నా చవకైన, ఇంతకన్నా లోతైన వేసవి పని నాకు తెలియదు. కావలసింది ఒక లాంగ్ నోట్‌బుక్కు, ముగ్గుపిండి. మొదటి రోజు వరండాలో ముగ్గుతో ఊరి పటం వేయించండి: బడి, చెరువు, కాలువ, మంచినీళ్ల ట్యాంకు, గుడి, చర్చి, పల్లె (అంటే దళితవాడ), ఊరి చివర ఇటుకబట్టీ. అక్కడే గొడవ మొదలవుతుంది, చెరువు పెద్దదా దిబ్బ పెద్దదా అని. గొడవ పడనివ్వండి. తరువాత పిల్లలు జట్లుగా ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లను అడిగి రాసుకొస్తారు. చేల పేర్లు ఏమిటి, ఏ చేనుకు ఆ పేరు ఎందుకు వచ్చింది, కాలువకు నీళ్లు ఆపేశాక వేసవిలో నీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకునేవారు, కరెంటు ఎప్పుడు వచ్చింది, 1977 నవంబరు ఉప్పెన రోజు ఎక్కడ ఉన్నారు. ఈ చివరి ప్రశ్న అడగగానే రేపల్లె, బాపట్ల వైపు బంధువులున్న ఏ ముసలాయన అయినా గంట సేపు ఆగడు. లంక గ్రామాల పిల్లలైతే ఎవరినీ అడగనక్కర్లేదు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వచ్చినప్పుడు తమ ఇంట్లో నీళ్లు ఎంత ఎత్తుకు నిలిచాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. పెదనందిపాడు వైపు బళ్లలో అయితే 1921-22 పన్నుల నిరాకరణ కథ ఇంకా ఇళ్లలో దొరుకుతుంది, ఆ తాతల మనవల నోట. పాఠ్యపుస్తకంలో నాలుగు పంక్తులు ఉండే విషయం తమ వీధిదే అని తెలిసినప్పుడు పిల్లలు కూర్చునే తీరే మారుతుంది.

రాయడం రాని ఒకటో తరగతి వాళ్లు బొమ్మ వేస్తారు, ఐదో తరగతి వాళ్లు పంక్తి రాస్తారు. ఐదు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టే మన ఖర్మ ఈ ఒక్క పనిలో వరం. అక్షరదోషాలు ఎర్ర సిరాతో దిద్దకండి. చివర ఒకసారి మీరే చదివి, పిల్లల చేతే సరిచేయించండి.

పుస్తకాల మాట. ప్రతి బడిలోనూ లైబ్రరీ పుస్తకాలు ఉన్నాయి, ప్రతి బడిలోనూ అవి బీరువాలోనే ఉన్నాయి. పోతే ఎవరు సమాధానం చెప్పాలని భయం. అయ్యంకి వెంకటరమణయ్యగారు గ్రంథాలయ యాత్రలు చేసిన నేల ఇది. పాతూరి నాగభూషణంగారు పడవలో పుస్తకాలు పెట్టుకుని కాలువ మీద ఊరూరా పంచిన డెల్టా మీది. అలాంటి చోట బీరువాకు తాళం వేసుకుని కూర్చుంటే ఎలా? చివరి పనిదినం నాడు ప్రోగ్రెస్ కార్డుతో పాటు ప్రతి పిల్లకూ రెండు పుస్తకాలు ఇచ్చి పంపండి. మార్చుకునే చోటు బడి కాకుండా ఊళ్లో ఒక ఇల్లు అయితే మేలు. సెలవులకు వచ్చిన డిగ్రీ పిల్లో ఇంజినీరింగు కుర్రాడో రోజూ సాయంత్రం అరగంట కూర్చుని రాసుకుంటే చాలు. కొన్ని చిరుగుతాయి, కొన్ని పోతాయి. చిరిగిన పుస్తకం ఎవరో చదివిన పుస్తకమే. స్టాకు రిజిస్టరులో రాసి, కమిటీ సంతకం తీసుకోండి, సమస్య ఉండదు. దగ్గర్లో శాఖా గ్రంథాలయం ఉంటే జిల్లా గ్రంథాలయ సంస్థ వాళ్లు వేసవి విజ్ఞాన శిబిరాలు నడుపుతారు. పెద్ద పిల్లల్ని అక్కడికి పంపించవచ్చు. మీరు వేరే పెట్టనక్కర్లేదు.

తేదీలు ఖరారు చేసే ముందు ఊరి పంచాంగం చూసుకోండి. శ్రీరామనవమి పందిళ్లు, పెళ్లి ముహూర్తాలు, రంజాను ఎప్పుడొచ్చిందో చూసుకోవడం సరే. చాలామంది మరిచేది చర్చిలో జరిగే వీబీఎస్, అంటే సెలవుల బైబిలు బడి. మన జిల్లాలో ఏ ఊళ్లో చూసినా వేసవిలో కొన్ని రోజులు పిల్లలంతా అక్కడే ఉంటారు, వేరే మతం పిల్లలు కూడా, పాటలూ బిస్కెట్లూ ఉంటాయి కాబట్టి. పాస్టరుగారిని ముందే తేదీలు అడగండి. పొలం పనులు కూడా. మీ డెల్టాలో వరి తరువాత వేసిన మొక్కజొన్న, జొన్న కోతలు చూసుకోవాలి. మెట్టలో, ప్రత్తిపాడు, పెదనందిపాడు వైపు, మిరప కోతలు. మిరప కోతకు తల్లితో వెళ్లిన పిల్ల మీ పది ఉదయాల జాబితాలో ఉండదు. ఉదయం ఆరున్నరకే పెట్టినా రాదు. ఆ ఇంటికి సాయంత్రం పూట వెళ్లి మాట్లాడటం తప్ప వేరే దారి లేదు. చెల్లెల్ని చంకన వేసుకుని వచ్చే పిల్లను వెనక్కి పంపకండి. అంగన్‌వాడీ టీచరుతో మాట్లాడి చిన్నవాళ్లకు ఒక మూల చాప వేయించండి.

ఇక సున్నితమైన విషయం. కార్యక్రమం ఏదైనా బడి ఆవరణలోనే జరగాలి. రామాలయం దగ్గర పందిరి చల్లగా ఉంటుందంటారు, ఫలానా వారి లోగిలి విశాలంగా ఉంటుందంటారు. మర్యాదగా వద్దనండి. గుడి దగ్గర పెడితే పల్లె నుంచి కొందరు తల్లులు రారు, చర్చి దగ్గర పెడితే ఊళ్లోవాళ్లు రారు. ఎందుకు రాలేదని ఎవరూ మీకు చెప్పరు. బడి ఒక్కటే అందరిదీ. తినేది ఏదైనా అందరూ ఒకే బంతిలో తినాలి, వండేది బడిలో వంట చేసేవాళ్లే కావాలి. రాజకీయం కూడా ఇలాగే. ప్రతి ఊళ్లోనూ రెండు వర్గాలు ఉంటాయి. ఒకరిని వేదిక ఎక్కిస్తే రెండోవారి పిల్లలు మర్నాటి నుంచి తగ్గుతారు. దీనికి నాకు తెలిసిన విరుగుడు వేదికే లేకపోవడం. ఆహ్వానం కమిటీ పేరుతో వెళ్లాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే, సభ్యుల్లో సగం మంది మహిళలే ఉండాలి. ఆ తల్లులనే ముందు నిలబెట్టండి. సమావేశం మధ్యాహ్నం మూడింటికి పెట్టి ఎవరూ రాలేదనడం న్యాయం కాదు. వాళ్లు పనినుంచి వచ్చి, పొయ్యి వెలిగించి, కాస్త ఊపిరి పీల్చుకునే ఏడున్నరకు పెట్టండి.

వార్షికోత్సవం చేయాలనుకుంటే చివరి పనిదినానికి ముందు సాయంత్రం, గంటన్నర లోపు. సినిమా పాటలకు డాన్సులు వద్దని నేను అనను, పిల్లల సరదా వాళ్లది. ఒకటి రెండు ఉండనివ్వండి. కానీ ప్రతి పిల్లా, ఒకటో తరగతి వాడితో సహా, జనం ముందు నిలబడి ఏదో ఒకటి చదవాలి. ఊరి పుస్తకంలో తమ తాత చెప్పిన మాటలు మనవరాలు మైకులో చదువుతుంటే ఆ తాత ముఖం చూడాలి. శాలువాలు మానేయండి. ఆ డబ్బుతో రెండు ఫుట్‌బాళ్లు, ఒక తాడు, నాలుగు రింగులు వస్తాయి.

డబ్బు గురించి ఇంతే: పిల్లల దగ్గర ఒక్క రూపాయి వసూలు చేయకండి, ఇస్తామన్నవారి నుంచి వస్తువు తీసుకోండి. కుండలు, మజ్జిగ, నిమ్మకాయలు, చాపలు. ఎవరు ఏమిచ్చారో గోడ మీద కాగితం అంటించండి. సెలవుల్లో బడి తీస్తే నిల్వ ఉన్న మధ్యాహ్న భోజనం బియ్యం ముట్టుకోవద్దు. మంచి ఉద్దేశంతో చేసినా లెక్కల్లో చిక్కు.

విహారయాత్ర అడుగుతారు. ఉగాది తరువాత వద్దు. మార్చి మొదట్లోనే ఉండవల్లి గుహలు గానీ అమరావతి గానీ. పొద్దున ఆరింటికి బయలుదేరి ఎండ ఎక్కేలోపు చూసేయాలి. ఉండవల్లిలో ఒకే రాతిలో మలిచిన శయన విష్ణువును చూపించి, ఎన్ని అడుగుల పొడవుందో పిల్లల్ని చేతులు చాచి అంచనా వేయమనండి. అమరావతి మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది, చూసుకుని వెళ్లండి. పురావస్తు శాఖ వారి చోట్ల పదిహేనేళ్ల లోపు పిల్లలకు టిక్కెట్టు ఉండదు. అక్కడి శిల్పాల్లో చాలా భాగం చెన్నైలో, లండన్‌లో ఉందని చెబితే పిల్లలు 'ఎందుకు ఇచ్చేశారు?' అని అడుగుతారు. జవాబు సిద్ధం చేసుకుని వెళ్లండి.

జాగ్రత్తలు రెండు, ఎండ, నీళ్లు. సెలవుల పది ఉదయాల్లో ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ఇంటికి పంపేయండి. రేకుల షెడ్డు కింద కూర్చోబెట్టవద్దు, చెట్టు నీడ మేలు. వచ్చేటప్పుడు ఏదైనా తిని వచ్చారా అని రోజూ అడగండి. ఖాళీ కడుపుతో ఆడే పిల్లే ముందు పడిపోతుంది. ఓఆర్ఎస్ పొట్లాలు ఆశా కార్యకర్త దగ్గర తెచ్చి పెట్టుకోండి. లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంటే టీ చెంచా. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడితే అది వడదెబ్బ. నీడకు చేర్చి, తడిబట్టతో ఒళ్లంతా తుడుస్తూ, విసురుతూ 108కి ఫోను చేయండి. స్పృహ లేని పిల్లకు నోట్లో నీళ్లు పోయకండి.

నీళ్ల సంగతి ఇంకా భయం. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి ప్రమాదం లేదనుకుంటారు. మట్టి తవ్విన గుంటల్లో, చేపల చెరువుల్లో నీళ్లు ఉంటాయి, లోతు పైకి తెలియదు. జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలిన మొదటి రోజుల్లో పిల్లలు దూకడానికి పరుగెత్తుతారు. ఊరి పటం వేయించేటప్పుడే ఈ గుంటలన్నీ ఎర్ర ముగ్గుతో గుర్తు పెట్టించండి. పెద్దవాళ్లు లేకుండా ఎవరూ వెళ్లకూడదని పిల్లల చేతే ఇళ్లలో చెప్పించండి. బడి తరఫున ఈత నేర్పే ప్రయత్నం మాత్రం పెట్టుకోవద్దు, ఎంతమంది అడిగినా సరే. మూసి ఉన్న గది తీసేటప్పుడు ముందు పెద్దవాళ్లు చీపురుతో తట్టి చూడాలి, చల్లదనానికి తేళ్లూ పాములూ చేరతాయి.

మొక్కల గురించి చిన్న చిట్కా. జూన్‌లో నాటినవి మళ్లీ జూన్‌కి ఉండకపోవడానికి కారణం ఈ ఏడు వారాలే. పాత కుండ అడుగున చిన్న చిల్లు పెట్టి, గుడ్డ వత్తి దూర్చి, మొక్క మొదట్లో పాతి పెట్టండి. రెండు మూడు రోజులకొకసారి కుండ నింపితే చాలు. వీధి వారీగా వంతులు వేయండి.

మీ రెండో ప్రశ్న, కాన్వెంటు పిల్లలు. మే నెలలో కాన్వెంట్ల వాళ్లు ఇంటింటికీ తిరుగుతారు, పసుపు బస్సు ఇంటి ముందు ఆగుతుందని చెబుతారు. మీ వేసవి పనులు చూసి ఎవరో ఒకరిద్దరు మనసు మార్చుకోవచ్చు, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు. ఇప్పటికే కాన్వెంటులో ఉన్న పిల్లను మాన్పించడం తల్లిదండ్రులకు పరువు విషయం. మీరు నిలబెట్టుకోగలిగింది అంగన్‌వాడీ నుంచి ఒకటో తరగతికి రావలసిన పిల్లల్ని. ఆ నలుగురైదుగురి ఇళ్లకు ఏప్రిల్‌లోనే వెళ్లండి. వెళ్లేటప్పుడు కరపత్రం పట్టుకెళ్లకండి, అదే వీధిలోని మీ రెండో తరగతి పిల్లను, ఒక పుస్తకాన్ని తీసుకెళ్లండి. ఆ పిల్ల పేజీ చదివి వినిపించాక మీరు మాట్లాడండి. సెలవుల్లోనూ కాన్వెంటు పిల్లలు ఆటకు వస్తే రానివ్వండి, పేర్లు రాసుకోకండి.

ఇప్పుడే చేయవలసింది, ఒంటిపూట బడి మొదలయ్యేలోపు కమిటీ సమావేశం. పది ఉదయాలకు తీర్మానం రాయించి, ఎంఈఓగారికి (మండల విద్యాధికారికి) ఒక ప్రతి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఆ పది రోజులూ గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా తీర్మానంలోనే రాయండి.